బ్రేకు తొక్కినంతా డీజిలే

వరికోతల రోజుల్లో ట్రాక్టరున్న ఇళ్లలో ఒకటే మాట: యార్డుకు పోయి వచ్చేసరికి ఎంత తాగింది? ఎక్కువ తాగితే నేరం ఇంజను మీదకే పోతుంది. వెనకాల కట్టిన ట్రక్కును ఎవరూ అనుమానించరు. నేను మాత్రం ముందు దాన్నే చూస్తాను.

హైవే మీద కారు మైలేజిని ఎక్కువగా తినేది ఎదురుగాలి. పాతిక కిలోమీటర్ల వేగంతో పోయే ట్రాక్టరుకు గాలితో పెద్దగా పేచీ లేదు, పేచీ అంతా నేలతోనే. మంచి తారురోడ్డు మీద అయిదు టన్నుల ట్రక్కును లాగడానికి ఆ బరువులో నూటికి ఒకటి రెండు వంతుల బలం చాలు. తడి ఆరని మడిలో దానికి పదింతలు కావచ్చు. అందుకే ట్రక్కును డొంకలోనే నిలిపి, కోతమిషన్నే గట్టుదాకా రప్పించుకునే రైతంటే నాకు గౌరవం.

లోడు ఎత్తడంలోనూ పనితనం ఉంది. రెండు చక్రాల ట్రక్కులో బరువు ఇరుసుకు కాస్త ముందుకు పడాలి. వెనక్కి పడితే కొక్కెం పైకి లేస్తుంది, ట్రాక్టరు పెద్దచక్రాలు పట్టు తప్పి ఉన్నచోటే తిరుగుతాయి. మరీ ముందుకు పడితే ముందుచక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినదు.

దిగగానే ట్రక్కు హబ్బుల మీద జాగ్రత్తగా చెయ్యి ఆనించి చూడండి. ఒకటి మిగతావాటికన్నా కాలుతోందంటే లోపల బేరింగు బిగుసుకుందనో, గ్రీజు ఎండిందనో అర్థం. ఆ వేడికి డబ్బు కట్టింది మీరే.

ఇక బ్రేకు. ఎనిమిది టన్నుల బండిని ఆపి, మళ్లీ పాతిక వేగానికి తేవడానికే దాదాపు 20 మిల్లీలీటర్ల డీజిలు కావాలి. యాభైసార్లు అలా ఆగితే లీటరు పోయినట్టే. మలుపును దూరం నుంచే చూసి కాలు తీసేసే డ్రైవరుకు ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు.

పల్లంలో న్యూట్రల్ కొడితే మిగులుతుందనేది మాత్రం ఒట్టి భ్రమ. గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలేస్తే గవర్నరు డీజిలు ఆపేస్తుంది, దొర్లే చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. న్యూట్రల్‌లోనైతే ఇంజను తన పాటికి తాను తాగుతూనే ఉంటుంది, పైగా వెనక నుంచి లోడు తోసుకొస్తుంది. ఖాళీ ట్రక్కుతో తిరిగొచ్చేటప్పుడు పై గేరు, తక్కువ రేజు: మిగుల్చుకునే చోటు అది.

కొత్త ట్రాక్టరు కొనేటప్పుడు మైలేజి ఎంతని పదిమందిని అడుగుతాం. ఈలోగా పాత ట్రక్కు చక్రాలు విప్పించి గ్రీజు పట్టించి, టైర్లలో సరిపడా గాలి నింపించండి. ఆ ఖర్చు ఈ సీజన్లోనే తిరిగి రావచ్చు.