బెల్టు మీద ఎక్కొద్దు

మేనల్లుడు డాలస్ నుంచి ఫోన్ చేశాడు. "మామా, మా ఆఫీసుల పందెం వెట్టుకున్నం. బతికున్న అమెరికా డైరెక్టర్లల్ల గొప్పోళ్లు పదిమంది, నంబర్ల వారీగ. ఆదివారం లోపల రాసియ్యి. నువ్వైతే మస్తు సినిమాలు చూసినవ్ గదా." ఆ చివరి మాటకు పడిపోయాను. పొగిడితే పడిపోయేవాళ్ల లిస్టు ఎవరైనా రాస్తే మొదటి మూడింట్లో నేనుంటాను.

లిస్టులు రాయడం నాకు చిన్నప్పటి జబ్బే. బెల్లంపల్లిలో సింగరేణి క్వార్టర్ల ముందు సాయంత్రం బొగ్గుల పొయ్యి రాజుకునేలోపు లెక్కల నోటుబుక్కు వెనక పేజీలో రాసేవాళ్లం. విశ్వనాథ్ ఒకటో నంబరా, బాపు ఒకటో నంబరా అని కొట్టుకున్నాం. (బాపు అంటే ‘సాక్షి’ తీసిన బాపు. మా ఇంట్లో బాపు వేరు, ఆయన ముచ్చట తర్వాత.) 1987లో ఒక్క మాట లేకుండా ‘పుష్పక విమానం’ తీసినందుకు సింగీతం ఆరు నుంచి రెండుకు ఎక్కాడు. 1989 అక్టోబర్‌లో ‘శివ’ వచ్చాక ఆ పేజీ చింపేసి కొత్త పేజీ మొదలుపెట్టాం. ఆ గొడవల్లో మేం తేల్చింది ఏమీ లేదు గానీ, ఎవడు ఎందుకు ఏడుస్తాడో ఒకరిది ఒకరికి తెలిసింది.

ఇప్పుడు కాగితం ముందేసుకుని కూర్చుంటే మొదటి చిక్కు ‘బతికున్న’ దగ్గరే వచ్చింది. డేవిడ్ లించ్‌ను మూడో నంబర్లో రాశాను. 2025 జనవరిలో పోయాడు కదా అని యాదికొచ్చి కొట్టేశాను. నాలుగోవాడు మూడుకు జరిగాడు, కొత్తగా ఒక్క షాటు తీయకుండానే. మా ఊరివాళ్లకు ఇది తెలియని పద్ధతి కాదు. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుక్కి బొగ్గుబాయి మీద కొలువు. మన లిస్టులోనూ ఇదే వరస: 2023 ఫిబ్రవరిలో విశ్వనాథ్, 2024 డిసెంబర్‌లో హైదరాబాద్ తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనగల్. ఇటు చూస్తే క్లింట్ ఈస్ట్‌వుడ్ 1930లో పుట్టి, 94 ఏళ్ల వయసులో ‘జ్యూరర్ నంబర్ 2’ విడుదల చేశాడు. మా దగ్గరైతే ముప్పై ఏళ్ల కిందే మెడలో దండేసి, శాలువా కప్పి, డప్పులతో ఇంటిదాకా సాగనంపేవాళ్లు.

రెండో చిక్కు ‘అమెరికా’. జేమ్స్ కామెరాన్ కెనడాలో పుట్టాడు, నోలన్ లండన్‌లో. మేనల్లుడికి నోలన్ అంటే ప్రాణం. తీసేశానంటే అలుగుతాడని తెలిసే తీసేశాను.

ఈ లిస్టుల పనికి కులపెద్దలాంటివాడు సినీ విమర్శకుడు ఆండ్రూ సారిస్. 1968లో ‘ది అమెరికన్ సినిమా’ అని పుస్తకం వేసి, హాలీవుడ్ దర్శకులను అంతస్తుల వారీగా కూర్చోబెట్టాడు. అన్నిటికన్నా పైన పద్నాలుగు మంది: చాప్లిన్, ఫోర్డ్, హిచ్‌కాక్, వెల్స్ వగైరా. బిల్లీ వైల్డర్‌ను మాత్రం పైకి కనిపించినంత సరుకు లేనివాళ్ల గదిలోకి నెట్టాడు. ఏళ్లు గడిచాక, వైల్డర్ విషయంలో పొరపాటు చేశానని తనే ఒప్పుకున్నాడు. లండన్ పత్రిక ‘సైట్ అండ్ సౌండ్’ పదేళ్లకోసారి విమర్శకుల ఓట్లు లెక్కపెడుతుంది. 1962 నుంచి యాభై ఏళ్లు ‘సిటిజన్ కేన్’ది మొదటి స్థానం. 2012లో ‘వర్టిగో’ దాన్ని దించింది. 2022లో ‘జాన్ డీల్‌మాన్’ వచ్చి కూర్చుంది. ఒక బెల్జియం గృహిణి వంటింట్లో ఆలుగడ్డల పొట్టు తీస్తూ ఉంటుంది, ఆ పనిని పనిగానే మూడు గంటల పైచిలుకు చూపిస్తారు. అది చూసినప్పుడే నా కొలత నాకు దొరికింది. ఫ్రేమింగ్ గురించి, ఎడిటింగ్ గురించి నాకు తెలిసింది నాలుగు పుస్తకాల ముక్కలు. పని గురించి మాత్రం బొగ్గు ఊళ్లో పెరిగినవాడికి కొంత తెలుసు. తెరమీద మనిషి పని చేస్తుంటే నిజంగా చేస్తున్నాడా, చేసినట్టు చేస్తున్నాడా? దీన్నిబట్టే నంబర్లు వేద్దామనుకున్నాను.

ఈ కొలత పట్టుకోగానే లిస్టు తలకిందులైంది. టరంటీనో మాటలు బ్రహ్మాండంగా రాస్తాడు, కానీ అతని సినిమాల్లో డ్యూటీకి పోయేవాళ్లు దాదాపు అందరూ హంతకులే. ‘జాకీ బ్రౌన్’లో విమాన పరిచారిక ఒకామె కాస్త పరువు కాపాడింది. కింది నుంచి రెండో స్థానం ఇచ్చాను. స్పీల్‌బర్గ్‌కు మంచి నంబరే పడింది, డైనోసార్ల వల్ల కాదు. 1971లో, 24 ఏళ్లప్పుడు, టీవీ కోసం తీసిన ‘డ్యూయల్’ వల్ల. ఒక కారును ఒక పెద్ద లారీ తరుముతుంది, లారీ డ్రైవర్ ముఖం చివరిదాకా చూపించడు. రాత్రిపూట బొగ్గు లారీల మధ్య స్కూటర్ నడిపినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. జిమ్ జార్ముష్ ‘ప్యాటర్సన్’లో ఒక సిటీ బస్సు డ్రైవరు రోజూ అదే రూటు తిప్పుతూ, ఖాళీ దొరికినప్పుడు కవితలు రాసుకుంటాడు. కథ అంటూ పెద్దగా ఉండదు. మూడో నంబరు ఇచ్చాను, ఎవరు ఏమన్నా మార్చను.

స్కోర్సేసీ దగ్గర చాలాసేపు ఆగాను. గ్యాంగ్‌స్టర్ సినిమాలకైతే ఏ నాలుగో ఐదో వచ్చేది. కానీ 2023లో, ఎనభై ఏళ్ల వయసులో, ‘కిల్లర్స్ ఆఫ్ ది ఫ్లవర్ మూన్’ తీశాడు. ఒక్లహామాలో ఓసేజ్ తెగవాళ్ల నేల కింద నూనె పడింది. 1920లలో బయటి నుంచి వచ్చిన తెల్లవాళ్లు ఆ ఇళ్ల ఆడపిల్లలను పెళ్లాడి, ఒక్కొక్కరినే చంపి, వాటాలు కలుపుకున్నారు. చూస్తున్నంతసేపూ నాకు మా దిక్కు ఏజెన్సీకి పోయే తిర్యాణి బస్సు యాదికొచ్చింది. ఏజెన్సీలో గిరిజనుల భూమి ఇతరులు కొనకూడదని 1970 నుంచి వన్ ఆఫ్ సెవెంటీ చట్టం ఉంది. కొనకూడదంటే ఏం, గిరిజన ఇంటి అల్లుడై భార్య పేరు మీద సాగు చేసుకోవచ్చు. ఈ కిటుకు సంగతులు ఆ బస్సులో వెనక సీట్లోంచి నవ్వుతూ చెప్పుకోవడం విన్నాను. స్కోర్సేసీ సినిమాలో మొగుడికి పెళ్లాం మీద ప్రేమ ఉంటుంది, ఆమెకు విషమూ ఇస్తుంటాడు. రెండూ నిజమే. రెండో నంబరు.

ఈ నేలకు చెందిన కథలను మనవాళ్లు తీయలేదా అంటే, తీశారు. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన కొమురం భీం మీద అల్లాణి శ్రీధర్ 1990లోనే సినిమా పూర్తి చేస్తే, అది థియేటర్లకు వచ్చేసరికి 2010 అయింది. 2022లో ‘ఆర్‌ఆర్‌ఆర్’ భీంను ప్రపంచమంతా చూసింది, ఆస్కార్ వేదికదాకా పాట వెళ్లింది. రెండూ చూసిన నాకు మొదటిదాని మీదే మనసు. 2023లో శ్రీకాంత్ ఓదెల ‘దసరా’లో నడుస్తున్న గూడ్సు బండి మీంచి బొగ్గు దించే కుర్రాళ్లను చూపించాడు. ఆ మసి మాకు తెలిసిన మసి. కానీ బాయి లోపలికి కెమెరా దిగలేదు. తెలుగు సినిమా గని మొహానిదాకా వస్తుంది, అక్కడ పాట పాడి వెళ్లిపోతుంది.

దిగినవాళ్లు ఎవరంటే, నా లిస్టులో మొదటి నంబరు: బార్బరా కాపుల్. ఫోన్లో చెబితే మేనల్లుడు పేరు రెండుసార్లు అడిగాడు. కెంటకీ రాష్ట్రంలో హార్లన్ కౌంటీ బొగ్గు గనివాళ్లు 1973లో సమ్మెకు దిగితే, ఆమె చిన్న బృందంతో పోయి వాళ్ల మధ్యే ఉండిపోయింది. తెల్లవారకముందే ఆడవాళ్లు కట్టెలు పట్టుకుని రోడ్డుకు అడ్డం నిలబడతారు. కంపెనీ మనుషులు తుపాకులతో వస్తారు. చీకట్లో తోపులాట, కెమెరా కిందామీదా అవుతుంది, ఎందుకంటే కెమెరావాళ్లనూ కొడుతున్నారు. ఒక కుర్ర కార్మికుడు కాల్పుల్లో చనిపోయాకే ఒప్పందం కుదిరింది. 1976లో వచ్చిన ఆ ‘హార్లన్ కౌంటీ యూఎస్‌ఏ’కు ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ వచ్చింది. కథాచిత్రాల్లో దానికి జత జాన్ సేల్స్ 1987లో తీసిన ‘మేట్‌వాన్’. 1920 నాటి వెస్ట్ వర్జీనియా గనుల్లో తెల్లవాళ్లు, నల్లవాళ్లు, ఇటలీవాళ్లు మొదట కొట్టుకుని, తర్వాత ఒక సంఘంగా కూడటం. సేల్స్‌కు నాలుగు.

లిస్టు పంపేముందు ఒక పరీక్ష పెట్టాను. మా బాపు, అంటే మా నాన్న, సింగరేణి గనిలో సర్దార్‌గా పనిచేసి రిటైరయ్యాడు. సర్దార్ పనిలో ముందుది రూఫ్ చూడటం. ఒక చేత్తో కర్రతో పైబండను కొడుతూ, రెండో చేతి వేళ్లు బండకు ఆనించి పెడతాడు. గట్టి బండ ఖంగుమంటుంది. పొర విడిచిన బండ ఖాళీ డబ్బాలా మోగుతుంది. చెవి మోసపోయినా, వేళ్ల కింద అదురు తెలిసిపోతుంది. సినిమాలనూ ఆయన అట్లాగే చూస్తాడు. ఒకప్పుడు టీవీలో ‘కాలా పత్థర్’ వేస్తే అమితాబ్ ముఖం చూడకుండా అతని తలపైన రూఫ్ సపోర్టులు చూసి, "గివ్వి ఆగుతయారా?" అన్నాడు.

ల్యాప్‌టాప్‌లో కాపుల్ సినిమా పెట్టాను. ఆయనకు ఇంగ్లిష్ రాదు. మొదట్లోనే గనివాళ్లు బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు మీదికి దూకి, బోర్లా పడుకుని పోతారు. బాపు మంచం మీద లేచి కూర్చున్నాడు. "బెల్టు మీద ఎక్కొద్దు! గాళ్లకు చెప్పేటోడు లేడా?" అని అరిచాడు. యాభై ఏళ్ల కింద కెంటకీలో బెల్టు ఎక్కినవాళ్ల మీద బెల్లంపల్లిలో సర్దార్ కోప్పడుతుంటే, మొదటి నంబరు ఎవరిదో నాకు ఖాయమైంది. ఆ తర్వాత ఒక్క మాట మాట్లాడలేదు. కట్టెలు పట్టుకున్న ఆడవాళ్లు వచ్చినప్పుడు మాత్రం అమ్మను పిలిచి చూడమన్నాడు.

అయిపోయాక చాలాసేపు గోడ దిక్కు చూశాడు. ఆయన 1981 నాటి సింగరేణి 56 రోజుల సమ్మెలో ఉన్న మనిషి. "మరి సమ్మె దినాలకు గాళ్లకు మస్టర్లు పడ్డయా, హాజరు వేసిన్రా?" అని అడిగాడు.

నేను జవాబు చెప్పలేకపోయాను.

"కెమెరా వట్టుకొని గంత దూరం పోయింది, గదొక్కటి అడగకపాయె" అని అటు తిరిగి పడుకున్నాడు.