లేపాక్షి చిత్రములు – రేఖాప్రాధాన్యము

చిత్రలేఖన పాఠములలో నేడు వెలుగునీడలకును, దూరపు వస్తువులను చిన్నవిగా చూపు పద్ధతికిని పెద్దపీట వేయుచున్నారు. కుండను గీచి ఒక ప్రక్కన నీడ దిద్దిన బాలుడు మంచి చిత్రకారు డనిపించుకొనును. ఈ కొలబద్దతో లేపాక్షి వీరభద్రాలయపు కప్పును పరిశీలించినవాడు “బొమ్మలు చదునుగా నున్నవి, లోతు లేదు” అని తేల్చివేయును. ఆ తీర్పు న్యాయమైనది కాదు.

అచ్యుతదేవరాయల పాలనాకాలమున (1529–1542) విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరుల పూనికచే ఈ యాలయము వైభవము నందినది. హిందూపురమునకు చేరువ నుండుటచే బెంగుళూరు తెలుగువారికి ఒక్కనాటి ప్రయాణము. వచ్చినవారిలో పెక్కురు వ్రేలాడు స్తంభము క్రింద వస్త్రమును దూర్చి చూచి, తల యెత్తకయే మరలిపోవుదురు!

తల యెత్తినవారికి మొదట గోచరించునది రేఖ. ముక్కు, కనుగొమ్మ, వ్రేలి కొస, చీర కుచ్చిళ్లు అన్నియు గీత వలననే రూపు దాల్చినవి. ముఖము ప్రక్కకు తిరిగియుండగా భుజములు ఎదురుగా కనబడును. పాదములు మరల ప్రక్కకే. ఇది శరీరనిర్మాణము నెఱుగమి కాదు. ఏ యంగము ఏ వైపునుండి స్పష్టముగా తెలియునో ఆ వైపునుండి చూపుట ఆ చిత్రకారుల నియమము. నీడ దిద్దుట మనవారికి తెలియని విద్యయు కాదు. దానికి ‘వర్తన’ యని పేరు. అజంతా గుహలలో అది కలదు. విష్ణుధర్మోత్తర పురాణములోని చిత్రసూత్రము వర్తనను పేర్కొనుచునే, ఆచార్యుల మెప్పును రేఖకు కట్టబెట్టినది. లేపాక్షివారు ఆచార్యుల పక్షము వహించిరి.

ఇక లయ. వరుసగా నిలిచిన స్త్రీల భంగిమ ఇంచుమించు ఒక్కటే. చీరల చారలు, గళ్లు, పూవులు, అంచులు మాత్రము వేఱు. ద్విపదలో ప్రతి పాదమునను మూడింద్రగణములును, ఒక సూర్యగణమును రాక తప్పదు. అయినను వినువానికి విసుగు పుట్టదు, పదములు మాఱుచుండును గనుక. ఆ వరుసలలో కంటికి కలుగు సుఖము ఈ జాతిదే. తెలుగు పద్యము చదివిన విద్యార్థికి చిత్రలయను వేఱుగా బోధింప నక్కఱలేదు. తెలిసినదానిని చూపిన చాలును. పొరుగు రాష్ట్రములలో తెలుగు తరగతికి దక్కు కొద్ది గంటలలో ఇది చిన్న లాభము కాదు.

ప్రమాణ విషయమున వీరభద్రుని మహాచిత్రము చూడదగినది. అచట పరిమాణమును నిర్ణయించునది దూరము కాదు, మహిమ. దేవుని యెదుట మనుష్యరూపము లల్పములు.

లోపములు లేవనుట పక్షపాత మగును. కథలు చెప్పు పొడవాటి పట్టెలలో కొన్ని క్రిక్కిఱిసియున్నవి. ముఖములు ఒకే యచ్చున పోసినట్లుండి, కిరీటమును బట్టియో ఆయుధమును బట్టియో పాత్రను పోల్చుకొనవలసి వచ్చును. కథ తెలియని బాలునికి అచట చిక్కు తప్పదు. కావున పిల్లలకు ముందుగా చూపదగినది వటపత్రశాయి. ఎటు నిలిచినను శిశువు మనవంకనే చూచునని మార్గదర్శకులు చెప్పుదురు. అంతకంటె విశేషము, కాలివ్రేలిని నోటికి చేర్చుకొన్న శిశువు మేని వంపును మఱ్ఱియాకు వంపు పొదివికొనియుండుట.