మూలాలకు మరలిన పాట: కిన్నెర, జంగం గానం, తెలుగు సినిమా

ప్రసిద్ధి పొందిన సంగీతం తన మూలాలకు మరలినప్పుడు పాత నాదంతోపాటు ఆ నాదం చేస్తూ వచ్చిన పనీ వెంట వస్తుందా అన్నది విమర్శ అడగవలసిన ప్రశ్న. 1962లో ఏర్పడిన బ్రిటిష్ రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ 2016లో ‘బ్లూ అండ్ లోన్‌సమ్’ వెలువరించింది. 3 రోజుల్లో ముద్రించిన ఆ సంపుటిలోని 12 పాటల్లో ఒక్కటీ బృందం సొంత రచన కాదు; అన్నీ పూర్వ బ్లూస్ కళాకారులు పాడినవే. ఆఫ్రికన్ అమెరికన్ల శ్రమ, వేదనల నుంచి పుట్టిన గానానికి ఋణపడి ఉన్నామన్న అంగీకారం ఆ ఎంపికలోనే ఉంది.

శ్రీనగర్ కాలనీ, ఫిల్మ్‌నగర్ పరిసరాలు నెలవైన తెలుగు చిత్రపరిశ్రమ కూడా ఇటీవల జానపద గానంవైపు మళ్లింది. ఆ మళ్లింపులోని రెండు మార్గాలను రెండు పాటలు చూపుతాయి.

2021 సెప్టెంబరులో విడుదలైన ‘భీమ్లా నాయక్’ శీర్షికా గీతం దర్శనం మొగిలయ్య గొంతుతో, కిన్నెరతో మొదలవుతుంది. 12 మెట్ల కిన్నెరపై ఆయన పాడుతూ వచ్చినవాటిలో ముఖ్యమైనది పండుగ సాయన్న కథ. ఉన్నవారిని దోచి లేనివారికి పంచాడని పాలమూరు జనం తలచుకొనే వీరుని కథ. సినిమా పాటలో అదే వాద్యం ఒక పోలీసు అధికారి ప్రశస్తికి ఉపక్రమమైంది. తమన్ వాద్యబృందం అందుకోగానే కిన్నెర వెనక్కి తగ్గుతుంది. కిన్నెరను విస్తృత శ్రోతృలోకానికి వినిపించిన ఘనత ఆ పాటకు ఉంది. అయితే నాదం నిలిచినా దాని పక్షం మారింది.

2023 మార్చిలో వచ్చిన ‘బలగం’ మార్గం వేరు. వేణు యెల్దండి దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో చనిపోయిన కొమురయ్యకు పెట్టిన పిండాన్ని కాకి ముట్టదు; ఆయన సంతానం మధ్య వైరమూ తీరదు. ముగింపులో బుడగ జంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు తెరపైనే పాడతారు. నేపథ్యగాన సంప్రదాయంలో గొంతు ఒకరిది, పెదవులు మరొకరివి. ఇక్కడ రెండూ వారివే. పోయినవారి బతుకును అయినవారి ఎదుట పాడి దుఃఖాన్ని పంచడం ఆ గానం పని. సినిమాలోనూ అది ఆ పనే చేస్తుంది. తెగిన తోబుట్టువులను కలుపుతుంది. పాటను తీసివేస్తే కథకు ముగింపు లేదు.

సినిమా పాటల్లోని జానపద బాణీలను గుర్తించి జాబితా కట్టే పరిశోధనకు ఈ తేడా అందదు. బాణీతోపాటు ఏ సందర్భం, ఎవరి గొంతు, ఎవరి పక్షం తెరమీదికి వచ్చాయో పరిశీలించినప్పుడే మూలాలకు మరలడమన్న మాటకు అర్థం తేలుతుంది.