సీమల లేమి: దైవికమా, మానుషమా?

ఒక సీమ సిరిగలదై, దాని పొరుగుసీమ కఱవునకు కాణాచియగుటకు కారణమేమని యడిగినచో మనవారు సాధారణముగ రెండు సమాధానములు చెప్పుదురు. నేలయు వానయు దైవాధీనములని కొందఱు. ఆ ప్రాంతపు జనులు సోమరులని మఱికొందఱు. మొదటి మాటలో కొంత నిజము గలదు. రెండవది నిందయేగాని విమర్శ గాదు. ఈ రెండింటిని చరిత్రమను గీటురాతిపై నొరసి చూతము.

గోదావరీ మండలమునే తీసికొందము. నేడు అన్నపూర్ణయని కొనియాడబడు నా మండలము 1830 ప్రాంతముల కఱవులతో చితికిపోయి యుండెను. రాజమహేంద్రవర మండలపు జనసంఖ్య 1821లో ఏడు లక్షలకు పైబడి యుండగా 1841 నాటికి అయిదున్నర లక్షల చిల్లరకు దిగెను. నది యప్పుడును గలదు. ఒండ్రునేల యప్పుడును గలదు. రైతుచేతిలో నాగలియు గలదు. లేనిది ఏలినవారి పూనిక. ఆర్థర్ కాటన్ దొర పూనికతో ధవళేశ్వరమున 1847లో నారంభమైన ఆనకట్ట 1852లో ముగిసెను. పొలములకు నీరు పాఱుటయే గాక, పడవలు నడచు కాలువలు ధాన్యమును కాకినాడ రేవునకు చేర్చెను. పిదప రైలుబాట వచ్చెను. నీటికి బాటయు, బాటకు బేరమును తోడగుటచేతనే డెల్టా సిరి నిలిచినది.

నీరొక్కటియే చాలదనుటకు కర్నూలు-కడప కాలువ సాక్షి. ప్రభుత్వము వడ్డీకి హామీ యీయగా మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు 1860 దశాబ్దమున దానిని త్రవ్వించిరి. నల్లరేగడిలో మెట్టపంటలకు అలవాటుపడిన రైతులు కంపెనీవారు తలచినంతగా నీరు కొనలేదు. తుదకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనెను. దీనినిబట్టి రైతులు మూఢులనుట తప్పు. వారి నేల యెట్టిది, పైరేది, సంత యెక్కడ అని ముందుగ విచారింపని పథకముదే లోపము.

అంతకంటె పెద్ద లోపము కొలతలో నున్నది. దొరతనమువారు నీటిపనులను వడ్డీ గిట్టునవి, కఱవు గాచునవి అని రెండు తరగతులుగ విభజించిరి. పెట్టిన సొమ్ము త్వరగ తిరిగివచ్చునది మొదటి తరగతి. ఈ లెక్క ప్రకారము, ఇదివఱకే పంటయు బాటయు గల సీమకే మఱల ధనము చేరును. లేనిసీమ లేనిదిగనే యుండును. 1876-78 నాటి ఘోరక్షామము సీమను తుడిచిపెట్టినను, తుంగభద్ర ఆనకట్ట పని 1945లో గాని మొదలుకాలేదు.

ఇక మన పెద్దలు వ్రాసికొన్న యొడంబడికను చూతము. 1937 నవంబరు 16వ తేదీన చెన్నపురియందు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ గృహమున కోస్తా, రాయలసీమ నాయకులు సమ్మతించినది యిది. కృష్ణా, తుంగభద్రా, పెన్నా జలములయందు రాయలసీమకును నెల్లూరికిని పదియేండ్లు, అవసరమైనచో నింకను ఎక్కువకాలము, ప్రాధాన్యమీయవలెను. వాల్తేరుననేగాక అనంతపురమునను విశ్వవిద్యాలయ కేంద్రముండవలెను. రాజధాని, హైకోర్టులలో నొకదానిని కోరుకొను హక్కు సీమకుండవలెను.

కోరికలు న్యాయమైనవి. వాని వెనుక నున్న సౌభ్రాత్రము మెచ్చదగినది. ఐనను పత్రముగ నది దుర్బలమనియే మా యభిప్రాయము. వ్యయమెంత, బాధ్యులెవరు, మాట తప్పినచో గతియేమి అను ప్రశ్నలకు అందు జవాబు లేదు.  ఫలితము చదువరులెఱిగినదే. 1953లో కర్నూలునకు వచ్చిన రాజధాని 1956లో హైదరాబాదునకు పోయెను. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరపు కాలువలు కర్నూలు, కడప, అనంతపురముల వంకకు రాలేదు. అనంతపురమునకు ప్రత్యేక విశ్వవిద్యాలయము 1981లో గాని లభింపలేదు.

ఎత్తుసీమకు నీరెక్కించుట మిక్కిలి వ్యయసాధ్యమని యాక్షేపింతురు. నిజమే. కాని యెక్కింపకుండుటకును వ్యయము గలదు. అది ప్రభుత్వపు పద్దులలో కనబడదు. వానలు తప్పిన యేట బ్రతుకుతెరువునకై బెంగళూరునకు వలసపోవు కుటుంబమున మొట్టమొదట నాగునది ఆడపిల్ల చదువు. ఆ నష్టమును ఏ ఇంజనీరు అంచనాలో వ్రాసినాడు?

కావున సీమల లేమికి దైవము పునాది వేసిన వేయవచ్చును; దానిపై గోడలు లేపినవారు మనుష్యులు. మనుష్యులు లేపిన గోడను మనుష్యులే పడగొట్టగలరు. అందుకు సానుభూతివాక్యములు చాలవు. ఇకమీద నే నాయకుడైనను, ఏ పక్షమైనను వెనుకబడిన ప్రాంతమును ఉద్ధరింతుమని పలికినప్పుడు, చదువుకొన్న ప్రతి గృహస్థుడును, ప్రతి గృహిణియు మూడు ప్రశ్నలడుగవలెను: సొమ్మెంత? గడువెప్పటికి? జవాబుదారి యెవరు? ఈ మూడింటికి బదులులేని వాగ్దానము ఎంత మంచి మనస్సుతో చేసినదైనను రెండవ శ్రీబాగే యగును.