రోజూ కెమెరాకే ఉండిపోయే లెన్సు

ముసురు పట్టిన సాయంత్రం, పైగా కరెంటు పోయింది. వంటింటి కిటికీ దగ్గర కూర్చుని అమ్మమ్మ కనకాంబరాలు మాల కడుతోంది. మనవడు కొత్త కెమెరాతో పాటు వచ్చిన 18-55 లెన్సును 55 దాకా తిప్పి ఫొటో తీశాడు. ముఖం బాగానే వచ్చింది కానీ వేళ్లు అలుక్కుపోయాయి. 55 దగ్గర ఆ లెన్సు ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు. వెలుగు చాలాలంటే షటర్ సెకనులో పదిహేనో వంతు సేపు తెరిచి ఉండాలి. ముడులు వేసే వేళ్లు అంతసేపు ఆగవు. అదే చోట ఎఫ్/1.8 లెన్సు ఉంటే దాదాపు పది రెట్లు వెలుగు లోపలికి వస్తుంది, షటర్ సెకనులో నూట యాభయ్యో వంతుకు చేరుతుంది. వేలికి చుట్టుకున్న దారం కూడా విడిగా కనిపిస్తుంది.

ఇలాంటి లెన్సుల్లో అందరికీ తెలిసింది 50 మిల్లీమీటర్ల ప్రైమ్. జూమ్ ఉండదు, దగ్గరైనా దూరమైనా ఫొటో తీసేవాడే నడవాలి. 1925లో లైప్‌జిగ్ ప్రదర్శనలో లైకా కెమెరా జనం ముందుకొచ్చినప్పుడు దానికున్నది మాక్స్ బెరెక్ రూపొందించిన 50 మి.మీ. లెన్సే. లైకా రూపకర్త ఆస్కార్ బార్నాక్ ఖాయం చేసిన 24×36 మి.మీ. ఫ్రేమును మూల నుంచి మూలకు కొలిస్తే సుమారు 43 మి.మీ. లెన్సు ఈ కొలతకు దగ్గరగా ఉంటే బొమ్మలో దూరాలు సాగినట్టూ ఉండవు, కుదించినట్టూ ఉండవు. స్టాండర్డ్ లెన్సు అనే పేరు అలా వచ్చింది. ఫొటోగ్రాఫర్ కార్టియే-బ్రెసాన్ తన జీవితకాలపు పనిలో ఎక్కువ భాగం 50తోనే చేశాడు.

మరి ఇంత వెలుగు పట్టే లెన్సు చవకగా ఎలా దొరుకుతోంది? దాని నమూనా పాతది, బాగా నలిగినది. 1896లో జైస్ సంస్థలో పాల్ రుడాల్ఫ్ చేసిన ప్లానార్ లెన్సులో ఎపర్చర్‌కు, అంటే వెలుగు వచ్చే రంధ్రానికి, అటూ ఇటూ గాజులు అద్దంలో ప్రతిబింబంలా ఎదురెదురుగా ఉంటాయి. ఒక పక్క పుట్టిన దోషాలను చాలావరకు రెండో పక్క సరిదిద్దుతుంది. గాజు ఉపరితలాలు ఎక్కువ కావడంతో వెలుగు లోపలే చిందరవందరై బొమ్మ వెలవెలబోయేది. 1935లో జైస్‌లోనే స్మాకులా కనిపెట్టిన పూత ఆ చిక్కును చాలావరకు తీర్చింది. ఇప్పటి ఎఫ్/1.8 లెన్సుల్లో చాలావాటిది ఈ వంశమే.

కొనేముందు సెన్సర్ సైజు చూసుకోవాలి. 24×36 కన్నా చిన్నదైన క్రాప్ సెన్సర్ ఉన్న కెమెరా మీద 50 పెడితే చూపు 75 లేదా 80 మి.మీ. అంత ఇరుకవుతుంది. మామూలు ఇంటి హాల్లో నలుగురూ ఫ్రేములో పట్టేలోపే వీపు గోడకు తగులుతుంది. అలాంటి కెమెరాకు 35 మి.మీ. లెన్సే అసలైన స్టాండర్డ్. తేల్చుకోలేకపోతే ఉన్న జూమ్‌ను ఒక వారం 35 దగ్గర, మరో వారం 50 దగ్గర కదపకుండా ఉంచి తీసి చూడాలి. ఏ వారం ఊపిరాడనట్టు అనిపించిందో చేతికే తెలుస్తుంది.

ఎఫ్/1.4 కోసం రెట్టింపు డబ్బు పోయడం రోజువారీ ఫొటోలకు అవసరం లేదు. ఎఫ్/1.8 కన్నా అది పట్టే వెలుగు ఒకటిన్నర రెట్ల చిల్లర, అంతే. బరువు తేడా ఇంకా గట్టిగా తెలుస్తుంది: కెనాన్ 50 ఎఫ్/1.8 ఎస్‌టీఎం 160 గ్రాములైతే, కెనాన్‌దే 50 ఎఫ్/1.2 లెన్సు అర కిలో దాటుతుంది.

పూర్తిగా తెరిచి తీయడానికి అలవాటు కావాలి. ఫుల్ ఫ్రేమ్ (24×36) మీద 50తో మీటరు దూరం నుంచి ఎఫ్/1.8లో తీస్తే స్పష్టంగా వచ్చే మందం నాలుగు సెంటీమీటర్లే. ఫోకస్ ముక్కు మీద పడిందా, కళ్లు మసకబారతాయి. కెమెరాకు దగ్గరున్న కంటి మీదే ఫోకస్ పెట్టాలి, ఇద్దరుంటే ఎపర్చర్‌ను ఎఫ్/2.8కో ఎఫ్/4కో తగ్గించాలి.

పాతది కొనేవాళ్లు జేబులో టార్చి ఉంచుకోవాలి. ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి వెలుగు వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడాలి. సాలెగూటి పోగుల్లాంటి సన్నని దారాలు కనిపిస్తే అది ఫంగస్. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో బీరువాలో మూసిపెట్టిన లెన్సులకు ఇది తొందరగా పడుతుంది. పూతను తినేశాక తుడిచినా ఆ మచ్చ పోదు. ఇంకో జాగ్రత్త: నికాన్ పాత 'డి' రకం లెన్సుల్లో ఫోకస్ మోటారు ఉండదు. డీ3000, డీ5000 తరగతి కెమెరాలకు పెడితే ఆటోఫోకస్ పనిచేయదు. బేరం మొదలుపెట్టకముందే లెన్సును సొంత కెమెరాకు బిగించి, షటర్ సగం నొక్కి చూడాలి.