అర్జీ ఎవరి లాగిన్‌లో ఉంది?

గ్రామ సచివాలయం ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పేటప్పుడు మొదటి పూట కంప్యూటర్ ముట్టుకోనివ్వను. ఆదాయ ధ్రువపత్రం అర్జీ ఏ దారిన నడుస్తుందో బోర్డు మీద గీయమంటాను. డిజిటల్ అసిస్టెంట్ నమోదు చేస్తారు, వీఆర్వో విచారిస్తారు, ఆర్‌ఐ చూస్తారు, తహసీల్దారు డిజిటల్ సంతకం పెడతారు. ఎవరు ఏం చూడాలి, ఏ కాగితం లేకపోతే ఆగుతుంది, తిప్పి పంపితే ఎవరి దగ్గరికి పోతుంది... అన్నీ గీసేసరికి బోర్డు నిండుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నదీ ఈ బొమ్మే. దారి తెలిసినవాడికి బటన్లు గంటలో వస్తాయి.

ఒకప్పుడు తపాలు రిజిస్టరులో నంబరు పడ్డాక ఫైలు ఏ బల్ల మీదుందో గుమాస్తాకే ఎరుక. 2011లో మీసేవ, 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాక ఆ గుట్టు వీడింది. కృష్ణా జిల్లా కోడూరు మండలంలో ఇప్పుడు ఇది రోజూ వినపడే మాటే:

"అమ్మాయ్, నా అర్జీ ఎందాకా వచ్చింది?"

"ఆర్‌ఐ గారి లాగిన్‌లో ఉంది బాబాయ్ గారూ."

అర్జీ తీర్చాల్సిన గడువు దాటితే పైవాళ్లు సమీక్షలో అడుగుతారు. అందుకని ఎలాగోలా ముగించేయాలన్న తొందర మొదలవుతుంది.

ధ్రువపత్రానికి దారి ఒక్కటే. ఫిర్యాదుకు అలా కాదు. హంసలదీవి వైపు పొలమున్న రైతు సోమవారం ప్రజా ఫిర్యాదుల పరిష్కార వ్యవస్థ అయిన పీజీఆర్‌ఎస్‌లో అర్జీ ఇచ్చాడనుకుందాం: పోటు వచ్చినప్పుడల్లా మురుగుకాలవలోంచి ఉప్పునీరు చేలోకి ఎక్కుతోంది. కాలవ డ్రైనేజీ వాళ్లది, పొలం రికార్డు రెవెన్యూది, పక్కనున్న రొయ్యల చెరువు సంగతి మత్స్యశాఖది. ఒక శాఖకే పంపితే, వాళ్లు 'మా పరిధిలోది కాదు' అని రాసి ముగిస్తే, లెక్కల్లో అర్జీ తీరిపోయినట్టే. రైతు నారు మాత్రం మాడిపోతుంది.

ఇలాంటి అర్జీ వస్తే పొలానికి ఏ రోజు వెళ్లారో, ఏం చూశారో, తర్వాత ఎవరు ఏం చేయాలో రాయనిదే ముగించవద్దంటాను. ముగించేముందు రైతుకు ఫోన్ చేయమంటాను. గడువు గుర్తుచేయడం యంత్రం పని, చేను చూసి రావడం మనిషి పని.

శిక్షణ చివర పెట్టే పరీక్షలో బటన్ల గురించి ఒక్క ప్రశ్నా ఉండదు. ఉప్పునీటి అర్జీ చేతికిచ్చి, దీన్ని ముగించడానికి ఎవరెవరు ఒప్పుకోవాలో రాయమంటాను. శాఖల పేర్లు అందరూ రాస్తారు. రైతును కూడా రాసినవాళ్లే పాసు.