కత్తెర పడని కార్డు

ఆటల కోసం గ్రాఫిక్స్ కార్డు కొనేవాళ్లు సెకనుకు ఎన్ని ఫ్రేములొస్తాయని అడుగుతారు. ఖాళీగా ఉన్న కంప్యూటర్‌ని శాస్త్రవేత్తల లెక్కలకు అరువిచ్చే వలంటీర్లు ముందు అడగాల్సింది వేరే: ఇది డబుల్ ప్రెసిషన్‌లో, అంటే ఎక్కువ అంకెల కచ్చితత్వంతో, ఎంత లాగుతుంది? 2012 జనవరిలో అమ్మకానికొచ్చిన ఏఎండీ రేడియన్ హెచ్‌డీ 7970ని చూస్తే నాకిప్పటికీ ముచ్చటేసేది అక్కడే.

ఆ కార్డు సత్తా బయటపడ్డ చోటు మిల్కీవే ఎట్ హోమ్. న్యూయార్క్ రాష్ట్రంలో ట్రాయ్ అనే ఊళ్లోని రెన్‌సెలార్ పాలిటెక్నిక్ వాళ్ల వలంటీర్ ప్రాజెక్టు అది. పాలపుంత లాగేసిన చిన్న గెలాక్సీల నక్షత్రాలు ధారలుగా సాగి ఎక్కడెక్కడ పరుచుకున్నాయో స్లోన్ అనే ఆకాశ సర్వే కొలతల నుంచి రాబట్టాలి. అందుకు లెక్కలేనన్ని చిన్న విలువలు కూడుతూ పోవాలి. సింగిల్ ప్రెసిషన్ అంకె ఏడు స్థానాల దాకానే నమ్మకం. పెద్ద మొత్తంలో చిటికెడు కలిపితే ఆ చిటికెడు గల్లంతే. డబుల్‌లో పదిహేను స్థానాలు నిలుస్తాయి.

ఇక కార్డు లోపలికి. 2048 కోర్లు, 925 మెగాహెర్ట్జ్. ఒక్కో కోరు ఒక్కో క్లాకులో ఒక గుణకారం, ఒక కూడిక. హెచ్చవేస్తే సింగిల్‌లో దాదాపు 3,789 గిగాఫ్లాప్స్ (ఒక గిగాఫ్లాప్ అంటే సెకనుకు వంద కోట్ల లెక్కలు). డబుల్‌లో అందులో సరిగ్గా నాలుగో వంతు, 947. డబుల్ పనికి విడిగా కోర్లు పెట్టలేదు. 64 లెక్కల కట్టను 16 వరసల గుంపు మామూలుగా నాలుగు క్లాకుల్లో ముగిస్తుంది; డబుల్ అయితే అదే గుంపు పదహారు క్లాకులు తీసుకుంటుంది. పనిముట్టు అదే, ఓపిక ఎక్కువ. అదే ఏడాది పోటీకొచ్చిన ఎన్విడియా జీటీఎక్స్ 680లో 192 కోర్లకు ఎనిమిదే డబుల్ యూనిట్లు, అంటే ఇరవై నాలుగో వంతు: సుమారు 129 గిగాఫ్లాప్స్. ఆటల్లో రెండూ పోటాపోటీ. ఇక్కడ ఏడు రెట్ల తేడా.

తర్వాత ఆటల కార్డుల్లో ఈ డబుల్ వాటాకు కత్తెర పడుతూనే వచ్చింది. 2016 నాటి జీటీఎక్స్ 1080లో 32వ వంతు. 2022 నాటి ఆర్‌టీఎక్స్ 4090లో 64వ వంతు. ఆ 4090 సింగిల్‌లో మన 7970కి ఇరవై రెట్లు పైమాటే. డబుల్‌లో మాత్రం ఒకటిన్నర రెట్లు కూడా లేదు. పదేళ్లు గడిచాక!

వాడినవాళ్ల కిటుకులూ తక్కువేం కాదు. మిల్కీవే పనికి మెమరీతో పెద్దగా సంబంధం లేదు, కాబట్టి మెమరీ క్లాక్ దించి కరెంటు మిగిల్చుకునేవారు. ఒక పని ముగిసే చోట చిప్ ఊరికే కూర్చోకుండా రెండు మూడు పనులు ఒకేసారి ఎక్కించేవారు. కార్డు అంచున చిన్న బయాస్ స్విచ్ కూడా ఉంది: బయాస్ మార్చే ప్రయోగం వికటిస్తే పక్కకు జరిపి అసలు బయాస్‌తో లేపుకోవచ్చు. కంపెనీ బిగించిన ఫ్యాను రొద మాత్రం భరించడం కష్టం.

2023లో మిల్కీవే తన గ్రాఫిక్స్ కార్డుల పని ఆపేసింది. ఇవాళ అలాంటిదే మరో వలంటీర్ ప్రాజెక్టు ఫోల్డింగ్ ఎట్ హోమ్ కోసం కొనేవాళ్లకు 7970 కొనమని చెప్పను. అక్కడ ఎక్కువ లెక్క సింగిల్‌లోనే సాగుతుంది. 250 వాట్ల కార్డుకు ఆ కరెంటు బిల్లు దండగ.